రెండేళ్ల పోస్ట్‌డాక్‌లో చేతికొచ్చే నెలలెన్ని?

పీహెచ్‌డీ అయిపోయి, పేరున్న ల్యాబ్‌లో రెండేళ్ల పోస్ట్‌డాక్, అంటే గడువున్న పరిశోధన ఉద్యోగం, దొరికితే ఎవరికైనా కాస్త ఊపిరి పీల్చుకున్నట్టు ఉంటుంది. రెండేళ్లంటే 24 నెలలు, తక్కువేం కాదు. కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టొచ్చు, మంచి పేపర్ ఒకటి వేయొచ్చు, ఆ పేపర్ చూపించి ఫ్యాకల్టీ ఉద్యోగాలకు అప్లై చేయొచ్చు. చేరిన రోజున దాదాపు అందరూ వేసుకునే లెక్క ఇదే. క్యాలెండర్ ముందు పెట్టుకుని కూర్చుంటే పావుగంటలో తేలిపోతుంది, ఇది కుదిరే లెక్క కాదని.

చివరి నుంచి వెనక్కి లెక్కేసి చూద్దాం. సెప్టెంబర్‌లో చేరారనుకుందాం. అమెరికా తరహా నియామకాల్లో ఫ్యాకల్టీ ప్రకటనలు ఎక్కువగా ఆగస్టు, నవంబర్ మధ్య పడతాయి. ఇంటర్వ్యూలు చలికాలంలో, ఆఫర్లు మార్చి, ఏప్రిల్ ప్రాంతంలో. చేరడం మళ్లీ ఆ తర్వాతి విద్యా సంవత్సరం మొదట్లో. అంటే కాంట్రాక్టు ముగిసేనాటికి కొత్త ఉద్యోగంలో ఉండాలంటే, దరఖాస్తు 13, 14వ నెలల్లోనే వెళ్లిపోవాలి. అప్పటికి కొత్త పేపర్ అంగీకారం పొంది ఉండాలంటే జర్నల్‌కి ఎప్పుడు పంపాలి? రివ్యూలు, సవరణలు కలిపి ఆరు నెలలు పట్టడం మామూలే. మొదటి జర్నల్ వద్దంటే ఇంకో మూడు, నాలుగు నెలలు కలపాలి. అంతా అనుకున్నట్టు జరిగినా, ఏడో నెలకల్లా పేపర్ పంపేసి ఉండాలి. ఏడో నెల అంటే కొత్త పరికరం మీద చెయ్యి అప్పుడప్పుడే తిరుగుతూ ఉంటుంది. మనుషుల మీదో జంతువుల మీదో పని అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి అప్పటికి వచ్చి ఉంటే అదృష్టమే.

దీన్నిబట్టి తేలేది ఒకటుంది. రెండేళ్ల పోస్ట్‌డాక్‌లో ఉన్నవాళ్లు ఉద్యోగానికి అప్లై చేసేది ఆ పోస్ట్‌డాక్‌లో చేసిన పనితో కాదు, పీహెచ్‌డీలో చేసిన పనితో. ఒక మెట్టు మీద చేసిన పనికి ఫలం ఆ పై మెట్టు మీద గానీ అందదు. పరిశోధకులకు ఇచ్చే కెరీర్ సలహాల్లో 'నెట్‌వర్క్ పెంచుకోండి', 'కమ్యూనికేషన్ స్కిల్స్ మెరుగుపరుచుకోండి' లాంటివి కావలసినన్ని ఉంటాయి. ఈ నెలల లెక్క మాత్రం అరుదుగా వినిపిస్తుంది. మిగతా సలహాల్లో ఏది ఎప్పుడు పనికొస్తుందో తేల్చేది మాత్రం ఇదే.

లెక్కలో మొదట తగిలేది సగంలో ఉన్న పీహెచ్‌డీ పేపర్. థీసిస్‌లో నాలుగు అధ్యాయాలుంటే రెండు అచ్చయ్యుంటాయి, మూడోది డ్రాఫ్ట్‌లో ఉంటుంది, నాలుగోది 'తర్వాత చూద్దాం' అనే ఫోల్డర్‌లో ఉంటుంది. కొత్త చోట జీతమిచ్చేది కొత్త పనికి. పాత డ్రాఫ్ట్‌కి మిగిలేది రాత్రులూ, ఆదివారాలూ. రెండు నెలల్లో పాత డేటా ఫైళ్ల పేర్లు కూడా మర్చిపోతాం. గైడ్ కొత్త విద్యార్థులతో తలమునకలై ఉంటారు. పాత ల్యాబ్‌లో కూర్చుంటే మూడు వారాల్లో అయ్యే సవరణలు దూరం నుంచి ఎనిమిది నెలలు సాగుతాయి. అందుకే చేరే తేదీని ఓ రెండు నెలలు వాయిదా వేయమని అడగడం మంచిది. జీతం పోతుందన్న భయం అర్థం చేసుకోదగ్గదే, అందరికీ ఆ వెసులుబాటు ఉండదు కూడా. ఉన్నవాళ్లు మాత్రం అడగడానికి సంకోచించకూడదు. కొత్త ల్యాబ్ హెడ్‌కి కూడా పాత బరువు దించుకుని వచ్చే మనిషే మేలు.

ప్రీప్రింట్, అంటే జర్నల్ రివ్యూ కాకముందే అందరూ చదివేలా ఆన్‌లైన్‌లో పెట్టే పేపర్, ఈ ఇబ్బందిని కొంత తగ్గించింది. వాటిని పెట్టుకునే సైట్లలో భౌతిక, గణిత శాస్త్రవేత్తలకు ఆర్‌కైవ్ 1991 నుంచీ ఉంది. జీవశాస్త్రాలకు బయోఆర్‌కైవ్ 2013లో వచ్చింది. అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్, అంటే ఎన్‌ఐహెచ్, 2017లో గ్రాంటు దరఖాస్తుల్లో ప్రీప్రింట్లను చూపించవచ్చని స్పష్టంగా చెప్పింది. 'రాస్తున్నాం' అనే మాటను ఎంపిక కమిటీలో ఎవరూ పట్టించుకోరు. లింకు ఉన్న ప్రీప్రింట్ అలా కాదు, తెరిచి చదవొచ్చు. అయితే కొన్ని రంగాల్లో, కొన్ని జర్నల్స్‌లో పద్ధతులు వేరు. పెట్టే ముందు తోటి ఆథర్లందరి ఒప్పుదల తీసుకోవాలన్నది మాత్రం అన్ని చోట్లా ఒకటే.

రెండో గడియారం గ్రాంట్లది. ఇది నిశ్శబ్దంగా తిరుగుతుంది, పీహెచ్‌డీ పట్టా తేదీ నుంచే మొదలవుతుంది. ఎన్‌ఐహెచ్ ఇచ్చే కే99 అనే అవార్డు పోస్ట్‌డాక్ నుంచి సొంత ల్యాబ్‌కి వెళ్లేవాళ్ల కోసం పెట్టింది. దానికి నాలుగేళ్లకు మించి పోస్ట్‌డాక్ అనుభవం ఉండకూడదన్నది చాలాకాలంగా ఉన్న నియమం. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ స్టార్టింగ్ గ్రాంటుకి ఏళ్ల తరబడి ఉంటూ వచ్చిన పరిధి, పీహెచ్‌డీ తర్వాత రెండు నుంచి ఏడేళ్లు. పిల్లలు పుట్టినప్పుడు, సుదీర్ఘ అనారోగ్యం వచ్చినప్పుడు ఇలాంటి గడువులను పొడిగించే నియమాలూ ఉంటాయి. కానీ అడిగినవాళ్లకే, ఆధారాలు చూపినవాళ్లకే. ఈ నియమాలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి, సీనియర్లు చెప్పిన మాట మీద కాకుండా ఆ ఏడాది ప్రకటన చూసే లెక్కేసుకోవాలి.

వీటిలో ఒక నియమం దగ్గర చాలామంది తెలియకుండా దెబ్బతింటారు. యూరప్‌లోని మేరీ స్క్లొడోవ్‌స్కా క్యూరీ పోస్ట్‌డాక్ ఫెలోషిప్‌కి ఒక షరతుంది: దరఖాస్తు గడువుకు ముందు 36 నెలల్లో, వెళ్లదలచుకున్న దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు, అక్కడ పనిచేసి ఉండకూడదు. పరిశోధకులు దేశం మారాలన్నది దాని ఉద్దేశం. మనిషి సహజంగా చేసేదేమో దీనికి పూర్తిగా రివర్స్. ముందు ఆ ల్యాబ్‌లో చిన్న కాంట్రాక్టు మీద చేరి, అక్కడి పని పద్ధతి తెలుసుకుని, ఏడాదిన్నర తర్వాత తీరిగ్గా ఫెలోషిప్‌కి రాద్దామనుకుంటాడు. రాసే రోజుకి అర్హత పోయి ఉంటుంది. ప్రాజెక్టు బాగుంది, ల్యాబ్ బాగుంది, తేదీలు మాత్రం బాగా లేవు. ఓ రోజు కూర్చుని, తన రంగంలో ఉన్న అయిదారు ఫెలోషిప్పుల గడువులనూ అర్హతలనూ ఒకే కాగితం మీద రాసుకుని ఉంటే ఈ దెబ్బ తప్పేది.

ఇక ఎవరూ ఇష్టంగా మాట్లాడని అంకెలు. బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ 2010లో ఒక నివేదికలో సైన్స్ పీహెచ్‌డీలు ఎటు వెళ్తున్నారో బొమ్మ గీసి చూపించింది. దాని ప్రకారం 53 శాతం మంది పీహెచ్‌డీ కాగానే సైన్స్ బయటి ఉద్యోగాల్లోకి వెళ్లిపోతారు. విశ్వవిద్యాలయాల్లో శాశ్వత పరిశోధన సిబ్బంది స్థాయికి చేరేది 3.5 శాతం. ప్రొఫెసర్ అయ్యేది 0.45 శాతం, అంటే వెయ్యి మందిలో అయిదుగురి కన్నా తక్కువ. దేశాన్నిబట్టి, రంగాన్నిబట్టి అంకెలు మారతాయి. వాలు మాత్రం ఇటే ఉంటుంది.

ఈ అంకెలు చూసి గుండెలు జారనక్కర్లేదు. బయటికి వెళ్లడం ఎక్కువమంది నడిచే దారి అని మాత్రం ఇవి చెబుతున్నాయి. ఆ దారిని 'ప్లాన్ బి' అనడం దగ్గరే తేడా వస్తుంది. ఎక్కువమందికి జరగబోయేది ప్లాన్ బి ఎలా అవుతుంది? ఆ పేరు పెట్టడం వల్ల దాని గురించి ఆలోచించడమే ఓటమిలా అనిపించి, 20వ నెల దాకా వాయిదా పడుతుంది. అప్పుడు తీసుకునే నిర్ణయం నిర్ణయంలా ఉండదు, పరుగులా ఉంటుంది.

పరుగు తప్పాలంటే మొదటి నెలలోనే ప్రాజెక్టులను రెండు రకాలుగా పెట్టుకోవాలి. ఒకటి పెద్ద ప్రశ్న, తేలడానికి మూడేళ్లు పట్టవచ్చు, తేలకపోనూ వచ్చు. రెండోది ల్యాబ్‌లో ఇప్పటికే ఉన్న డేటా మీదో పద్ధతి మీదో కట్టే చిన్న పని, పది నెలల్లో డ్రాఫ్ట్ దాకా వచ్చేది. ల్యాబ్ హెడ్లు సహజంగానే మొదటి రకాన్ని ఇష్టపడతారు. వాళ్ల గడియారం వేరు. అయిదేళ్ల గ్రాంటు చేతిలో ఉన్నవారికి మూడేళ్ల ప్రశ్న రిస్కులా కనిపించదు. రెండేళ్ల కాంట్రాక్టు మీద ఉన్నవారికి అదే ప్రశ్న మొత్తం జూదం. ఇది ఎవరి స్వార్థమూ కాదు, కాంట్రాక్టుల పొడవులో ఉన్న తేడా. అలాగని మాట్లాడకుండా ఊరుకుంటే అది సర్దుకోదు. చేరకముందే, ఆఫర్ మీద సంతకం పెట్టే ముందే, 'ఇందులో ఏడాదిలోపు పేపర్‌గా తేలే భాగం ఏది?' అని అడగాలి. జవాబు నీళ్లు నమిలినట్టుగా ఉంటే, అదీ ఒక సమాచారమే.

పేపర్ మీద పేర్ల గొడవ కూడా ఇలాగే మొదట్లో మాట్లాడాల్సిన సంగతి. సాధారణంగా ఇది చివర్లో, అందరూ అలసిపోయాక, డ్రాఫ్ట్ జర్నల్‌కి వెళ్లే వారంలో పైకి తేలుతుంది. అప్పటికి ఒక్కొక్కరి మనసులో ఒక్కో క్రమం స్థిరపడి ఉంటుంది. ఫస్ట్ ఆథర్ స్థానం మీద ఒక కెరీరే ఆధారపడి ఉందని ఫస్ట్ ఆథర్ కావాల్సిన వ్యక్తికి తెలుసు. మిగతావాళ్లకు అది నాలుగు పేర్లలో ఒక పేరు. జీవశాస్త్రాల్లో చివరి పేరు ల్యాబ్ హెడ్‌ది. గణితంలో, ఆర్థికశాస్త్రంలో ఎక్కువగా అక్షరక్రమం. రెండు రంగాలు కలిసే చోట, ఒకరికి గౌరవంగా అనిపించేది ఇంకొకరికి అవమానంలా అనిపిస్తుంది.

వైద్య జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ ఆథర్ అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది. పని రూపకల్పనలోనో, డేటా సేకరణ, విశ్లేషణల్లోనో చెప్పుకోదగ్గ వాటా ఉండాలి. రాయడంలోనో, మేధోపరంగా దిద్దడంలోనో పాలుండాలి. తుది రూపానికి ఒప్పుకుని ఉండాలి. ఏదైనా ప్రశ్న వస్తే బాధ్యత తీసుకోవాలి. ఒకటో రెండో కాదు, నాలుగూ కావాలి. దీనితోపాటు క్రెడిట్ అనే వర్గీకరణ వాడుకలో ఉంది. అందులో ఆలోచన, పద్ధతి, సాఫ్ట్‌వేర్, డేటా నిర్వహణ, మొదటి డ్రాఫ్ట్, నిధుల సేకరణ లాంటి 14 పాత్రలున్నాయి. ఎవరు ఏది చేశారో పేపర్ చివర రాస్తారు. ఈ 14 పాత్రల పట్టికను ప్రాజెక్టు మొదట్లోనే నింపి చూసుకోవడం దాని అసలు ఉపయోగం అనిపిస్తుంది. ఖాళీగా మిగిలిన గడులే రేపటి తగాదాలు.

మాట్లాడుకున్నాక అదే రోజు నాలుగు లైన్ల మెయిల్ పెట్టాలి. పెద్ద భాష అక్కర్లేదు:

'ఈ రోజు అనుకున్న ప్రకారం, ప్రయోగాల ప్లాన్, విశ్లేషణ, మొదటి డ్రాఫ్ట్ నేను చూసుకుంటాను, ఫస్ట్ ఆథర్‌గా ఉంటాను. ఇమేజింగ్ డేటా రెండో ల్యాబ్ నుంచి రావాల్సి వస్తే, వాళ్ల పని ఎంతో చూసి పేర్ల క్రమం మళ్లీ మాట్లాడుకుందాం. ఏదైనా తప్పుగా రాసి ఉంటే చెప్పండి.'

ఈ మెయిల్‌లో నిజంగా పనిచేసేది మూడో వాక్యం. ఒప్పందం అనే బరువైన మాట లేకుండానే, సరిదిద్దే అవకాశం ఎదుటివాళ్లకు ఇచ్చినట్టయింది. వాళ్లు ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే. మొహమాటం వల్ల ఈ మెయిల్ పెట్టనివాళ్లు ఏడాదిన్నర తర్వాత దానికి పదింతల ఇబ్బందికరమైన మెయిల్ రాయాల్సి వస్తుంది.

రికమండేషన్ లెటర్ల విషయానికి వస్తే, చాలామంది వీటిని చివరి వారం పనిగా చూస్తారు. ఫ్యాకల్టీ ఉద్యోగానికి సాధారణంగా మూడు లెటర్లు అడుగుతారు. ఒకటి పీహెచ్‌డీ గైడ్, రెండోది పోస్ట్‌డాక్ ల్యాబ్ హెడ్. ఇద్దరూ జీతాలిచ్చి పని చేయించుకున్నవాళ్లు, కాబట్టి మంచే రాస్తారని కమిటీకి తెలుసు. చదివేవాళ్లు ఆగి చూసేది మూడో లెటర్ దగ్గర. రాసింది బయటి మనిషి, కానీ పని దగ్గరి నుంచి తెలిసినవాళ్లు అయితే దాని విలువ వేరు. అలాంటి మనిషి నెలలో పుట్టరు. ఒక సెమినార్‌లో కలిసి, ఒక ప్రశ్నకు జవాబుగా డేటా పంపి, ఒక చిన్న విశ్లేషణ కలిసి చేసి, ఆ తర్వాత ఏడాదికి గానీ 'ఈ వ్యక్తి ఇలా ఆలోచిస్తారు' అని ఒక పేరా రాయగలిగేంత పరిచయం ఏర్పడదు. 13వ నెలలో లెటర్ కావాలంటే మొదటి రెండు నెలల్లో ఆ పరిచయం మొదలవ్వాలి. కాన్ఫరెన్స్‌లో విజిటింగ్ కార్డులు పంచుకుంటే వచ్చేది కాదిది.

అడిగే తీరు కూడా ముఖ్యమే. 'లెటర్ ఇవ్వగలరా' అంటే ఎవరైనా సరే అంటారు. 'నా పని గురించి బలంగా రాయగలనని మీకు అనిపిస్తుందా' అని అడిగితే, అనిపించనివాళ్లకు తప్పుకునే దారి దొరుకుతుంది. నీరసంగా రాసిన లెటర్ చేసే చేటు లెటర్ లేకపోవడం కన్నా ఎక్కువ. గడువుకి కనీసం నెల ముందు అడిగి, ఒకే మెయిల్‌లో అన్నీ పంపాలి: తేదీల వారీగా దరఖాస్తుల పట్టిక, తాజా సీవీ, పరిశోధన ప్రణాళిక డ్రాఫ్ట్. వీటితోపాటు, 'ఫలానా డేటా పనికిరాదని తేలినప్పుడు ప్రాజెక్టును మళ్లీ ఎలా కట్టామో మీరు చూశారు, అది రాస్తే ఉపయోగపడుతుంది' లాంటి రెండు మూడు గుర్తులు. రాసేవాళ్లకు గుర్తుండేది మొత్తం మీద మంచి అభిప్రాయం. సంఘటనలు గుర్తుచేయాల్సింది అడిగేవాళ్లే.

రిజెక్షన్ల గురించి ఓదార్పు మాటలు చాలానే ఉన్నాయి. వాటికన్నా రెండు అధ్యయనాలు ఎక్కువ పనికొస్తాయి. నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ ముగిసిన కొత్తలో ఇచ్చే గ్రాంట్ల మీద 2018లో ఒక విశ్లేషణ అచ్చయింది. కటాఫ్‌కి కొంచెం పైన ఉండి గ్రాంటు గెలిచినవాళ్లనూ, కొంచెం కింద ఉండి పోగొట్టుకున్నవాళ్లనూ పోల్చారు. స్కోరులో తేడా నామమాత్రం. ఆ తర్వాతి ఎనిమిదేళ్లలో మాత్రం గెలిచినవాళ్లకు రెండింతలకు పైగా నిధులు వచ్చాయి. ఉన్నవాళ్లకే ఇంకా చేరుతుందని సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1968లోనే మాథ్యూ ఎఫెక్ట్ అని పేరు పెట్టి చెప్పినదే ఇది. కాకపోతే ఈ అధ్యయనంలో ఇంకో ముక్క ఉంది. తేడాకి కొంత కారణం, ఓడినవాళ్లు మళ్లీ అప్లై చేయడం తగ్గించేయడం. కమిటీ ఒకసారి కాదంది, ఆ తర్వాత వాళ్లకు వాళ్లే కాదనుకున్నారు.

రెండోది 2019లో ఎన్‌ఐహెచ్ గ్రాంట్ల మీద వచ్చింది. కెరీర్ మొదట్లో కొద్దిలో గ్రాంటు తప్పినవాళ్లలో, గెలిచినవాళ్లతో పోలిస్తే ఎక్కువమంది ఆ వ్యవస్థ నుంచే కనుమరుగయ్యారు. నిలిచినవాళ్లు మాత్రం తర్వాతి పదేళ్లలో, కొద్దిలో గెలిచినవాళ్లను దాటి ఎక్కువ ప్రభావం ఉన్న పేపర్లు రాశారు. దీన్ని 'ఓటమి మంచిదే' అని చదువుకోవడం పొరపాటు. వెళ్లిపోయినవాళ్లకు అది మంచి చేయలేదు కదా. పనికొచ్చే సంగతి వేరు: కటాఫ్ చుట్టుపక్కల ఎవరు పైనుంటారు, ఎవరు కిందుంటారన్నది ప్రతిభ గురించి చెప్పేది చాలా తక్కువ. కాబట్టి ఒకే గ్రాంటు మీద ఏడాది ప్రాణం పెట్టేకన్నా, ఒకే మూల ఆలోచనతో మూడు చోట్లకు సరిపడేలా రాసుకోవడం నయం.

ఇక్కడ ఎంఆర్‌ఎన్‌ఏ వ్యాక్సిన్లకు దారి వేసిన శాస్త్రవేత్త కాటలిన్ కారికో కథ చెప్పడం ఆనవాయితీ అయిపోయింది. 1995లో హోదా తగ్గించారు, 2005లో డ్రూ వైస్‌మన్‌తో కలిసి రాసిన ఎంఆర్‌ఎన్‌ఏ పేపర్‌ని అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, 2023లో నోబెల్ వచ్చింది. గొప్ప కథే. కెరీర్ సలహాగా మాత్రం ప్రమాదకరం. అదే పట్టుదలతో అదే చోట ఆగి, ఏమీ రాక వెళ్లిపోయినవాళ్ల కథలు మనదాకా రావు. భౌతిక శాస్త్రవేత్త పీటర్ హిగ్స్ నోబెల్ అందుకున్న 2013లోనే, నేటి పద్ధతిలో తనకు విశ్వవిద్యాలయంలో ఉద్యోగం దొరికేది కాదని అన్నారు. తగినన్ని పేపర్లు రాయడం లేదని పక్కన పెట్టేసేవారట. వ్యవస్థ మీద విమర్శగా ఆ మాట నూరుపాళ్లు నిజం. రేపు దరఖాస్తు పంపాల్సినవాళ్లకు దానితో పని లేదు.

అంకెల కొలమానాల మీద ఎక్కువ టైమ్ పెట్టక్కర్లేదు. భౌతిక శాస్త్రవేత్త జోర్జ్ హిర్ష్ 2005లో ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్, అంటే ఒకరి పేపర్లనూ వాటిని ఇతరులు ఉటంకించిన తీరునూ కలిపి చెప్పే అంకె, వయసుతో పెరిగేదే కానీ తగ్గేది కాదు. కెరీర్ మొదట్లో అది చెప్పేదేమీ ఉండదు. ఒక జర్నల్‌లోని పేపర్లను సగటున ఎన్నిసార్లు ఉటంకిస్తున్నారో చెప్పే ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనుషులను కొలవొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన మీద వేల సంస్థలు సంతకాలు పెట్టాయి. సంతకం పెట్టిన చోట కూడా కమిటీలో కూర్చునే మనుషులకు పాత అలవాట్లుంటాయి. రెండూ నిజమే కాబట్టి, సీవీలో ముఖ్యమైన మూడు పేపర్ల కింద ఒక్కో వాక్యం రాయడం మంచి పద్ధతి: ఏం కనుక్కున్నారు, అందులో తన చేతి పని ఏది, ఆ తర్వాత ఎవరు దాన్ని వాడారు. రాయల్ సొసైటీ 2019లో తెచ్చిన కథనం తరహా సీవీ నమూనా అడిగేది దాదాపు ఇదే.

శిక్షణ మాటకు వస్తే, బ్రిటన్‌లో పరిశోధకుల కెరీర్ అభివృద్ధి కోసం విశ్వవిద్యాలయాలూ నిధులిచ్చే సంస్థలూ కలిసి చేసుకున్న ఒడంబడికను 2019లో సవరించినప్పుడు ఒక స్పష్టమైన అంకె పెట్టారు: ఏడాదికి కనీసం పది రోజులు వృత్తిపరమైన అభివృద్ధికే కేటాయించాలి. అలాంటి నియమం లేని చోట కూడా పది రోజులన్నది మంచి కొలత. నెలకి ఒక రోజు కూడా కాదు. ప్రయోగం ఆగిపోతుందనేవాళ్లు, సెంట్రిఫ్యూజ్ రిపేర్‌కి పోతే ఎన్ని రోజులు ఆగుతున్నారో ఒకసారి లెక్కేసుకోవచ్చు. ఆ రోజులను దొరికిన వర్క్‌షాపుకల్లా వెళ్లి పోగొట్టుకునేకన్నా ఒకటి రెండు విషయాల మీదే పెట్టాలి. ఒక గ్రాంటు రివ్యూ ఎలా జరుగుతుందో లోపలి నుంచి చూడటం, ఒక కోర్సు మొత్తాన్ని సొంతంగా చెప్పడం, తన రంగం నుంచి బయటి ఉద్యోగాల్లోకి వెళ్లిన అయిదుగురితో అరగంట చొప్పున మాట్లాడటం. చివరిదానికి రెండున్నర గంటలు చాలు. ఎక్కువమంది చేయనిదీ అదే.

బయటి ఉద్యోగానికి రాసేటప్పుడు పరిశోధకుల సీవీ బోల్తా పడేది భాష దగ్గర. 'సింగిల్ సెల్ సీక్వెన్సింగ్ డేటాకి విశ్లేషణ పైప్‌లైన్ అభివృద్ధి చేశాను' అనే లైను తోటి పరిశోధకుడికి అర్థమవుతుంది, కంపెనీలో సీవీ చూసే మనిషికి ఏమీ చెప్పదు. అదే పనిని 'చేత్తో వారం పట్టే డేటా శుద్ధిని ఒక పూటలో ముగించే ప్రోగ్రామ్ రాశాను, ల్యాబ్‌లో ఆరుగురు దాన్నే వాడుతున్నారు' అని రాస్తే, సమస్య, పరిష్కారం, వాడేవాళ్లు, మూడూ కనిపిస్తాయి. పన్నెండు పేజీల సీవీ రెండు పేజీలవుతుంది. పేపర్ల జాబితా ఒక లైనైపోతుంది. అది చూసి మనసు చివుక్కుమంటుంది, పదేళ్ల శ్రమ ఒక లైనా అని. చదివేవాళ్లకు కావలసింది ఆ పదేళ్లలో నేర్చిన పని. ఆ అనువాదం మొదటి ప్రయత్నంలో కుదరదు. మూడు నాలుగు రూపాలు రాసి, ఆ రంగంలో ఉన్నవారితో చదివించుకోవాలి. దీనికీ రెండు మూడు నెలలు పడుతుంది, కాబట్టి ఇదీ 12వ నెల పట్టికలోకే వెళ్తుంది, ఫ్యాకల్టీ దరఖాస్తుల పక్కనే.

ఇలా అన్నీ పట్టికలోకి చేర్చాక చూస్తే, 24 నెలల్లో కొత్త పరిశోధనకు నిర్విఘ్నంగా దొరికేది మూడో నెల నుంచి పదకొండో నెల దాకా. ఆ తర్వాత పరిశోధన, దరఖాస్తులు పక్కపక్కనే నడుస్తాయి. ఈ తొమ్మిది నెలలను మీటింగులకూ, పక్క ల్యాబ్ సాయాలకూ, ఇంకొకరి రివ్యూలకూ పంచిపెట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. సాయం చేయొద్దని కాదు. కొత్తగా చేరినవాళ్లను అందరూ ఖాళీగా ఉన్నారనుకుంటారు. వాళ్ల దగ్గర ఉన్నవి అందరికన్నా తక్కువ నెలలు.

చివరి రెండు నెలలకు మిగిలేవి చిల్లర పనులు. చిల్లరగా కనిపిస్తాయి కానీ వదిలేస్తే తర్వాత చేయడానికి వీలుండదు. ల్యాబ్ నోట్‌బుక్కులూ, ముడి డేటా సాధారణంగా సంస్థవే, కాబట్టి వేటి కాపీలు తీసుకెళ్లొచ్చో రాతపూర్వకంగా అడగాలి. కంప్యూటింగ్ క్లస్టర్ మీద ఉన్న కోడ్‌ని అందరూ ఒప్పుకున్న చోటికి మార్చాలి. 2012లో మొదలైన ఓర్కిడ్, అంటే పరిశోధకులకిచ్చే 16 అంకెల ఐడీ, దానికి చాలామంది ఆఫీసు మెయిలే తగిలించి ఉంటారు, సొంత మెయిల్ కూడా కలపాలి. జర్నల్స్ సబ్మిషన్ సైట్లలో ఉన్న అడ్రస్ కూడా మార్చాలి, ముఖ్యంగా కరస్పాండింగ్ ఆథర్‌గా, అంటే జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే ఆథర్‌గా, ఉన్న పేపర్లకు. ఏడో నెలలో పంపాలనుకున్న పేపర్ 21వ నెలలో వెళ్లి ఉంటే, దాని మీద ఎడిటర్ నిర్ణయం వచ్చేసరికి కాంట్రాక్టు అయిపోయి ఉంటుంది. ఆ మెయిల్ వెళ్లేది అప్పటికే మూసేసిన ఇన్‌బాక్స్‌కి.